మైళ్ళ తాయిలం

అమెరికాలో నలుగురు తెలుగువాళ్ళు చేరిన చోట ఒకప్పుడు సినిమాలూ, గ్రీన్ కార్డులూ, ఇళ్ళ ధరలూ తప్ప వేరే ప్రస్తావన ఉండేది కాదు. ఈ మధ్య నాలుగోది తోడయింది: మైళ్ళు. 'ఆ కార్డు ఇంకా తీసుకోలేదా? 75 వేల మైళ్ళు ఊరికే ఇస్తున్నాడు కదండీ' అని ఒకాయన జాలిపడతాడు. 'ఈ ఏడు గోల్డు, వచ్చే ఏటికి ప్లాటినం ఖాయం' అని ఇంకొకాయన, కొడుక్కి ఐఐటీలో సీటొచ్చినంత గర్వంగా చెప్తాడు. అప్పటిదాకా పెసరట్టు మీదే దృష్టి పెట్టినవాళ్ళు కూడా తలెత్తి వింటారు.

నా పేచీ ఆ 'ఊరికే' అన్న మాటతోనే.

విమానాల కంపెనీ మీకిచ్చేది బహుమతి కాదు. అది ఆ కంపెనీ సొంతంగా అచ్చేసుకునే నోటు. దాని విలువెంతో చెప్పేది వాడే, రేపొద్దున తగ్గించేదీ వాడే, ఫలానా తేదీన చెల్లదనేదీ వాడే. ప్రభుత్వం ఒక రాత్రి నోట్లు రద్దు చేస్తే దేశమంతా గగ్గోలు పెట్టాం. ఇక్కడ అదే పని ఏటా జరుగుతుంటే కిక్కురుమనకుండా కొత్త కార్డుకి అప్లై చేస్తున్నాం.

ఇది ఎలా మొదలైందో కాస్త చెప్పాలి. 1978 దాకా అమెరికాలో ఏ విమానం ఎక్కడికి తిరగాలో, టిక్కెట్టు ఎంతుండాలో ప్రభుత్వమే నిర్ణయించేది. ఆ ఏడు చట్టం మార్చి పగ్గాలు వదిలేశారు. పోటీ వచ్చింది, ధరలు పడ్డాయి. ప్రయాణికుడు ఎవడు చవగ్గా ఇస్తే వాడి విమానం ఎక్కడం మొదలుపెట్టాడు. కంపెనీలకి ఇదో తలనొప్పి. అప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్ళు తమ సేబర్ రిజర్వేషన్ కంప్యూటర్లో ఏ ఫోన్ నంబర్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో వెతికించి, ఆ జనాన్ని చేర్చుకుని 1981 మే 1న ఆడ్వాంటేజ్ అనే పథకం పెట్టారు. (మా వృత్తివాళ్ళు ఇప్పుడు డేటా మైనింగ్ అని పెద్ద పేరు పెట్టి చేస్తున్నది అదే.) రోజుల వ్యవధిలో యునైటెడ్ వాడూ మొదలెట్టాడు, దరిమిలా అందరూ. చవక టిక్కెట్టు కోసం పక్కవాడి దగ్గరికి పోకుండా మనిషిని కట్టేసే తాడు అది. పుట్టుకే అందుకు. ఈ మాట మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఆ తాడు అంత బాగా ఎందుకు పనిచేసిందంటే, అత్త సొమ్ము అల్లుడు దానం. టిక్కెట్టు కొనేది కంపెనీ, మైళ్ళు చేరేది ఉద్యోగి ఖాతాలోకి. సోమవారం పొద్దున క్లయింటు దగ్గరికి ఎగిరి గురువారం రాత్రి ఇంటికొచ్చే కన్సల్టెంటుకి టిక్కెట్టు 300 డాలర్లయితే ఏం, 500 అయితే ఏం? వాడి జేబులోంచి పోయేది లేదు. తన మైళ్ళు ఎక్కడ పెరుగుతాయో ఆ విమానమే బుక్ చేస్తాడు. ఇంకో రంగంలో ఇదే పని చేస్తే, అంటే కంపెనీ సరుకు కొనే గుమాస్తాకి అమ్మేవాడు పండక్కి ఇంటికి ఏదన్నా పంపిస్తే, దాన్ని మామూలు అంటాం. కొంచెం కోపమొస్తే లంచం అంటాం.

ఇది నా ఒక్కడి వక్రబుద్ధి కాదు. జర్మనీలో 2002లో ప్రభుత్వ పర్యటనల్లో వచ్చిన మైళ్ళను సొంతానికి వాడుకున్నారని పెద్ద గొడవే అయింది. ఆ దెబ్బకి గ్రెగర్ గీజీ బెర్లిన్ రాష్ట్ర మంత్రి పదవి వదులుకున్నాడు, గ్రీన్ పార్టీ చెమ్ ఓజ్దెమిర్ తన పార్టీ బాధ్యతల్లోంచి తప్పుకున్నాడు. అమెరికాలో సరిగ్గా దానికి తిరకాసు: 2001 చివర్లో చట్టం చేసి మరీ, ప్రభుత్వోద్యోగులు ఆఫీసు ప్రయాణాల మైళ్ళు సొంతానికి ఉంచుకోవచ్చన్నారు. నార్వే వాళ్ళయితే ఇంకో అడుగు ముందుకేసి, దేశం లోపలి ప్రయాణాలకు అసలు మైళ్ళే ఇవ్వకూడదని 2002లో నిషేధించారు. 2013 దాకా ఆ నిషేధం నడిచింది. కారణం చాలా సింపుల్. ఈ పాయింట్లుంటే కొత్తగా వచ్చే చిన్న కంపెనీ నిలదొక్కుకోలేదు, పోటీ చచ్చిపోతుంది, చివరికి టిక్కెట్టు ధర పెరుగుతుంది. ఆ పెరిగిన ధర కట్టేది మైళ్ళు ఉన్నవాడూ, లేనివాడూ.

సరే, ఇదంతా పాత కథ. ఇప్పటి వ్యాపారం ఇంకా తమాషాగా ఉంటుంది. ఇప్పుడు మైళ్ళు పుట్టేది ఎక్కువగా ఆకాశంలో కాదు, క్రెడిట్ కార్డు గీకిన చోట. విమాన కంపెనీ మైళ్ళను బ్యాంకులకు హోల్‌సేలుగా అమ్ముతుంది, బ్యాంకు వాటిని కార్డు వాడేవాళ్ళకి పంచుతుంది. డెల్టాకి 2023లో ఒక్క అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుంచి వచ్చింది సుమారు 680 కోట్ల డాలర్లు. ఆ ఏడు కంపెనీ మొత్తం నికర లాభం 460 కోట్లు. విమానాలు నడపడం పక్క వ్యాపారమైపోయిందని ఎవరైనా అంటే కాదనడం కష్టం. 2020లో కరోనా వచ్చి విమానాలన్నీ ఎడారుల్లో పార్కు చేసినప్పుడు, యునైటెడ్ వాడు అప్పు కోసం తాకట్టు పెట్టింది తన మైలేజ్ ప్లస్ పథకాన్ని. దాని విలువ దాదాపు 2,200 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. అప్పుడు స్టాక్ మార్కెట్లో ఆ కంపెనీ మొత్తం విలువ అందులో ఇంచుమించు సగం! అంటే మైళ్ళ పథకం తీసేస్తే మిగిలిన విమానాలూ, గేట్లూ, వేల మంది మనుషులూ అన్నీ కలిపి సున్నాకన్నా తక్కువన్నమాట. చదివినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మరి బ్యాంకుకి ఆ డబ్బు ఎక్కడిది? మీరు కార్డు గీకినప్పుడల్లా దుకాణంవాడు అమెరికాలో రమారమి 2 శాతం వదులుకుంటాడు. మైళ్ళిచ్చే కార్డులకి ఇంకాస్త ఎక్కువ. వాడేమన్నా ధర్మసత్రం నడుపుతున్నాడా? బియ్యం ధరలో కలుపుతాడు. మీరు బిల్లు కట్టి ఆ 2 శాతంలో కొంత మైళ్ళ రూపంలో వెనక్కి తెచ్చుకుంటారు. మీ వెనక వరసలో నోట్లు లెక్కపెట్టుకుంటున్న ఆవిడ అదే ధర కట్టి ఏమీ తెచ్చుకోదు. బోస్టన్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో దీన్ని లెక్కగట్టారు: నగదు వాడే కుటుంబం సగటున ఏడాదికి 149 డాలర్లు సమర్పించుకుంటుంటే, కార్డు వాడే కుటుంబానికి 1,133 డాలర్లు అందుతున్నాయట. లేనివాడి దగ్గర తీసి ఉన్నవాడికి పంచడం. మన బిజినెస్ క్లాసు ముచ్చటకి చందా ఎవరు వేశారో తెలిసిందిగా. ఐరోపాలో 2015లో ఈ కార్డు రుసుముకి 0.3 శాతం దగ్గర కళ్ళెం వేశారు. ఇండియాలో 2020 నుంచి బ్యాంకు ఖాతాలోంచి నేరుగా కట్టే యూపీఐకి దుకాణదారు పైసా ఇవ్వక్కర్లేదు. తోపుడుబండి మీద అరటిపళ్ళు కొని యూపీఐలో కడితే మైళ్ళు రావు కాబట్టి మనవాళ్ళకి ఆనదు గానీ, నాకైతే అదే నిజాయితీ బేరంలా కనిపిస్తుంది.

పోనీ ధర్మాధర్మాలు వదిలేద్దాం. స్వార్థంగానే ఆలోచిద్దాం. ఏడాదికోసారి ఇండియా వెళ్ళొచ్చే మామూలు కుటుంబీకుడికి ఇందులో ఎంత గిడుతుంది?

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి హైదరాబాదుకి ఎటు తిరిగి వెళ్ళినా రానూ పోనూ 17 వేల మైళ్ళకి తగ్గదు. పాత రోజుల్లో ఎగిరిన దూరమే లెక్క. ఉచిత టిక్కెట్టు 80 వేల మైళ్ళనుకుంటే అయిదు ట్రిప్పులకి ఆరోది ఫ్రీ. పర్లేదు, బేరం బాగానే ఉంది. 2015లో డెల్టా, యునైటెడ్ రెండూ ఆ లెక్క ఎత్తేశాయి, మరుసటి ఏడు అమెరికన్ కూడా. దూరం బదులు డబ్బు లెక్క వచ్చింది: మామూలు సభ్యుడికి డాలరుకి 5 మైళ్ళు, అదీ పన్నులు తీసేసిన అసలు ధర మీద. అసలు ధర 1,200 డాలర్లయితే 6 వేల మైళ్ళు. 80 వేలు కావాలంటే 14 ట్రిప్పులు. మీ అమ్మాయి కిండర్‌గార్టెన్లో ఉండగా మొదలెడితే కాలేజీకి వెళ్ళేటప్పటికి ఒక టిక్కెట్టు చేతికొస్తుంది. ఒక్కో మైలు 1.2 సెంట్లనుకుని ఉదారంగా లెక్కేసినా ఆ 6 వేలకి 72 డాలర్లు. పక్క కంపెనీ టిక్కెట్టు 73 డాలర్లు తక్కువకి దొరికితే మీ విశ్వాసం విలువ మైనస్ ఒకటి! దూరం లెక్కన ఇచ్చే విదేశీ కంపెనీలు ఇంకా ఉన్నాయి నిజమే. కానీ వాళ్ళు టిక్కెట్టు తరగతిని బట్టి కోత వేస్తారు. మనం కొనే చవక రకం టిక్కెట్లకి సగమో, పావో, ఒక్కోసారి గుండుసున్నానో.

ఆ 80 వేలన్న అంకె కూడా నేను మాటవరసకి అనుకున్నదే. ఎందుకంటే ఒకప్పుడు ఎక్కడినుంచి ఎక్కడికి ఎన్ని మైళ్ళో ఒక పట్టిక ఉండేది. డెల్టా 2015లో ఆ పట్టిక తీసేసింది, యునైటెడ్ 2019లో తన విమానాలకి తీసేసింది. ఇప్పుడు ఆ రోజు వాడి బుద్ధికి ఎంత పుడితే అంత. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకిది ఇలా కనిపిస్తుంది: మీ మైళ్ళంటే వాడి డేటాబేసులో ఒక వరుస, అందులో ఒక అంకె. ఆ అంకెని వాడు ముట్టుకోనక్కర్లేదు. ధరల టేబుల్ మీద ఒకే ఒక్క అప్‌డేట్ స్టేట్‌మెంటు, అదీ వేర్ క్లాజు లేకుండా. కోట్లమంది ఆస్తి రాత్రికి రాత్రి పాతిక శాతం కరిగినా ఎవరి ఖాతాలోనూ ఒక్క మైలు తగ్గినట్టు కనపడదు. ఎంత అందమైన డిజైనో చూడండి!

కోర్టుకెళ్తాం అంటారా? ఒకాయన వెళ్ళాడు. నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పథకంలో ప్లాటినం సభ్యుడైన రబ్బై గిన్స్‌బర్గ్‌ని, ఊరికే ఫిర్యాదులు చేస్తున్నావంటూ 2008లో సభ్యత్వం పీకేశారు. ఒప్పందమన్నాక మంచి నమ్మకంతో నడుచుకోవాలన్న సూత్రం కింద ఆయన దావా వేశాడు. అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 2014 ఏప్రిల్లో న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా చెప్పిందేమంటే, ఆయన వేసిన ఆ దావా చెల్లదు, ఆ 1978 చట్టమే దానికి అడ్డు. ప్రయాణికుడికి చవక టిక్కెట్లు రావాలని చేసిన చట్టం కంపెనీకి కవచంగా మారింది. ఒప్పందంలో రాసుకున్న మాట తప్పితే దావా వేయొచ్చు. కానీ ఆ ఒప్పందంలో రాసి ఉన్నదేమిటి? మా ఇష్టప్రకారం తీసేయొచ్చని.

మన దేశంలో సంగతి చూస్తే ఇంకో రకం వినోదం. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ నేలకి దిగింది. సభ్యుల మైళ్ళు దాంతోపాటే మట్టిలో కలిశాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. కానీ దాని పాయింట్ల వ్యాపారం అంతకు ముందే వేరే కంపెనీగా విడిపోయి, సగానికి పైగా ఎతిహాద్ చేతికి వెళ్ళింది కాబట్టి అది మాత్రం అప్పటికి బతికిపోయింది! ఇంటర్‌మైల్స్ అని పేరు మార్చుకుని హోటళ్ళూ, సామాన్లూ కొనుక్కోమంది. చింత చచ్చినా పులుపు చావదంటే ఇదే. విస్తారా 2024 నవంబరు 12న ఎయిరిండియాలో కలిసిపోయినప్పుడు దాని పాయింట్లు మహారాజా క్లబ్‌లోకి మారాయి. మునగలేదు, సంతోషమే. కానీ ఏ పట్టిక చూసుకుని ఆ పాయింట్లు దాచుకున్నారో ఆ పట్టిక ఇప్పుడు లేదు.

వీటన్నిటికంటే నాకు మండేది వేరే ఉంది. నాతో ఒకే టీములో పనిచేసిన కుర్రాడొకడు తెనాలి నుంచి అమ్మానాన్నల్ని మొదటిసారి రప్పించాడు. మైళ్ళతో. హైదరాబాదు నుంచి ఒక్కచోట మారితే చాలు ఇక్కడ దిగే విమానాలున్నాయి, వాటికి డబ్బు పెట్టే స్తోమతా ఉంది. అయినా లక్షలు కూడబెట్టాడు కదా, వాడకపోతే ఎలా? ఉచిత సీటు ఒక్కో విమానంలో ఒక్కటే దొరికింది. అంచేత తండ్రి మంగళవారం, తల్లి గురువారం. ఇద్దరికీ రెండేసి చోట్ల మార్పు, మధ్యలో ఒక ఊళ్ళో 13 గంటలు. ఆవిడకి తెలుగు తప్ప ఇంకో భాష రాదు, మోకాళ్ళ నొప్పులు. మెడలో ఇంగ్లీషులో రాసిన కాగితం ఒకటి తగిలించి పంపారు, బడికి మొదటిరోజు వెళ్ళే పిల్లకి కట్టినట్టు. దిగాక చెప్పింది, దారి తెలియక ఎక్కడ తప్పిపోతానోనన్న భయంతో ఆ 13 గంటలూ కూర్చున్న కుర్చీలోంచి లేవలేదని, నీళ్ళు తాగితే బాత్రూముకి పోవాల్సొస్తుందని తాగలేదని. పైగా ఉచిత టిక్కెట్టన్న పేరే గానీ పన్నులూ, ఇంధనం సర్‌చార్జీ అని ఒక్కొక్కరికీ వందల డాలర్లు కట్టనే కట్టాడు. ఆ తర్వాత లంచి టేబుల్ దగ్గర 'మా పేరెంట్స్‌ని ఫ్రీగా తెప్పించా' అని మాతో అన్నాడు. మంచివాడే, అమ్మంటే ప్రాణం. వాడి చేత ఆ పని చేయించింది వాడి ఖాతాలో కనపడే అంకె. డబ్బయితే ఖర్చు పెట్టేవాడు, మైళ్ళు కాబట్టి 'వృథా కాకూడదు' అనుకున్నాడు. ఉచిత సీటంటే విమానంవాడు ఎలాగూ అమ్ముకోలేనిది. ఎవరికీ అక్కర్లేని రోజున, ఎవరూ పోని దారిలో ఉంటుంది. దానికి తగ్గట్టు మన పెద్దవాళ్ళని సర్దుతున్నాం.

ఇక్కడ తెలివైనవాళ్ళు అడ్డొస్తారు. 'అది వాడటం చేతకానివాళ్ళ సంగతి, మేం సిస్టాన్ని హ్యాక్ చేస్తాం' అని. ఒప్పుకుంటాను, చేసినవాళ్ళున్నారు. 1999లో డేవిడ్ ఫిలిప్స్ అనే ఇంజనీరు (మనవాడే, వృత్తిరీత్యా) ఒక ప్రకటన చదివి లెక్కేసుకుని 12,150 పుడ్డింగ్ కప్పులు కొన్నాడు. ఖర్చు 3,140 డాలర్లు, వచ్చిన మైళ్ళు పన్నెండున్నర లక్షలు. కప్పుల మీద లేబుళ్ళు పీకడానికి స్వచ్ఛంద సంస్థ వాళ్ళని పెట్టి, పుడ్డింగు వాళ్ళకే దానమిచ్చి, దానికి ఆదాయపు పన్ను రాయితీ కూడా పుచ్చుకున్నాడు. దండం పెట్టాల్సిందే. ఇంకొందరు 2008 తర్వాత అమెరికా టంకశాల నుంచి డాలరు నాణేలు కార్డు మీద కొని, తపాలా ఖర్చు లేకుండా ఇంటికి తెప్పించుకుని, అవే నాణేలు బ్యాంకులో వేసి ఆ కార్డు బిల్లు కట్టేవారు. మధ్యలో మైళ్ళు మిగిలేవి. 2011 జూలైలో టంకశాలవాళ్ళు కార్డులు తీసుకోవడం మానేశారు. ప్రతి కిటుకు కథా ఇంతే. పదిమందికి తెలిసేదాకా పనిచేస్తుంది, పదివేల మందికి తెలిసిన రోజున మూసేస్తారు. మీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చిందంటే అది పదివేల దాటినట్టే. పైగా వీళ్ళు చెప్పని ఖర్చు ఒకటుంది: అరడజను కార్డుల గడువులు ఎక్సెల్ షీట్లో పెట్టుకుని శనివారాలు దాన్ని కాపలా కాయడం. ఆ గంటలకి కూడా రేటు వేసుకుని చెప్పండి, ఎంత గెలిచారో. ఇక కార్డు మీద బాకీ మిగిల్చుకుంటే మాట్లాడక్కర్లేదు, ఏటా 20 శాతం పైన వడ్డీ ముందు ఏ మైలూ నిలబడదు.

మరయితే చేరొద్దా అంటే, చేరండి. ఖర్చేం లేదు, ఎలాగూ ఎక్కుతున్న విమానంలో వాడు వేసే నాలుగు మైళ్ళు వద్దనక్కర్లేదు. ఆఫీసు పని మీద వారం వారం ఎగిరేవాడైతే నిక్షేపంగా పుచ్చుకోండి: లాంజిలో కూర్చోవడం, సూట్‌కేసుకి రుసుము లేకపోవడం, విమానం రద్దయినప్పుడు ఫోన్ త్వరగా ఎత్తడం, ఇవన్నీ నిజంగానే పనికొస్తాయి. ఆ ఫోన్ సంగతికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. మిగతావాళ్ళు టిక్కెట్టు కొనేటప్పుడు మాత్రం ఆ నంబరు మర్చిపోండి. ధర, ఎన్నిచోట్ల మారాలి, మధ్యలో ఎన్ని గంటలు, పెద్దవాళ్ళుంటే వీల్‌చెయిర్ సరిగా అందుతుందా, ఇవి చూసి కొన్న తర్వాత మైళ్ళ నంబరు వేయండి. డిసెంబరులో ప్లాటినం నిలుపుకోవడం కోసం పనిలేకపోయినా ఓ ఊరికి ఎగిరి అదే విమానంలో వెనక్కొచ్చే మహానుభావులు నాకు ఇద్దరు తెలుసు. వాళ్ళకి చెప్పే ధైర్యం నాకు లేదు.

ఇప్పటికే ఖాతాలో లక్షో, లక్షన్నరో మూలుగుతుంటే వడ్డీ రాదు, వారసులకి ఇవ్వాలన్నా వాడి దయే. రిటైరయ్యాక యూరపు తిరుగుదామని దాచుకోకండి. సంక్రాంతికీ, వేసవి సెలవులకీ సీట్లు దొరకవు గానీ ఫిబ్రవరిలోనూ, సెప్టెంబరులోనూ తరచు కనిపిస్తాయి. ఈ వారంలోనే ఓసారి వెతకండి. పెద్దవాళ్ళకైతే ఇద్దరికీ ఒకే విమానంలో దొరికితేనే.